పాకం చెయ్యి

మోస్రా
12 ఆగస్టు 2024

కోడలు రోజాకు నీ మేనత్త సుమిత్రమ్మ దీవెనలు. ఆర్‌ఎంపీ లింబయ్యకు ఎప్పటిలెక్కనే శాపనార్థాలు.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి కాయితం ఎందుకత్తా అంటవు. ఫోన్ల మాట గాలికి పోతది బిడ్డా. కాయితం మీది మాట ఠాణాల నిలబడుతది. మీ మామ పోయి ఎనిమిది నెలలాయె, ఈ ఎనిమిది నెలల్ల నేను నేర్చుకున్నది గిదొక్కటే. ఎస్సై సారు దగ్గరికి ఎప్పుడు పోయినా "సబూతు ఉందా అమ్మా" అంటడు. మొగడు పోయిన సబూతు నా నొసలు మీద కనవడ్తలేదా సారూ అని అడిగిన. ఆయన ఫ్యాన్ దిక్కు సూసుకుంట కూసున్నడు.

ప్రతి మంగళారం లింబయ్య దుకాణం ముంగట నిలబడుతున్న. అంగడి రోజు గద, నలుగురు ఉంటరు. "షుగరు పడిపోయిన మనిషికి నాలుగు వందల ముప్పై ఎనిమిది ఉందని జూటా మిషిన్ తోని సూపెట్టి, సూది పొడిచి సంపినోడు గీడే" అని గొంతు పోయేదాక మొత్తుకుంటున్న. వాని నోట్ల మన్నువడ, వాని దీపమారిపోను అని తిడుతున్న. వాడు లోపల తలకాయ దించుకుని కూసుంటడు. ఒక్క మాట మాట్లాడడు. ఇప్పుడు వాని దగ్గరికి పిల్లల జ్వరానికి గూడ ఎవ్వరు పోతలేరు. నాకు జర కడుపు నిండింది గని సాలలె.

ఇగ అసలు ముచ్చట. నువ్వు హైదరాబాదుల చేసేది షుగరు సూసే మిషినే గదా? వెలుతురు వడితే పనిచేస్తదని మీ బాపు చెప్పిండు. వాని మిషిన్ జూటాదని నీ మిషిన్ తోని తేల్చి, కాలేజీ ముద్ర ఏసి కాయితం రాసియ్యి. నిజామాబాద్ దవాఖానల డాక్టరు షుగరు పడిపోయి పాణం పోయింది అన్నడు. లింబయ్య మిషిన్ ఎక్కువ ఉంది అన్నది. రెండిట్ల ఒకటి అబద్ధమే గదా? గది రాయి. ఆ కాయితం పట్టుకుని వాణ్ణి జైలు దాక గుంజుకపోత.

బెల్లం రెండు ముద్దలు పంపుతున్న. మీ మామ చెయ్యి పడ్డ ఆఖరి పెనంది. పొద్దుగాల పనికి కూసునే ముందు గోరంత నోట్లె ఏసుకో.

నీ అత్త
సుమిత్రమ్మ


హైదరాబాద్
25 ఆగస్టు 2024

అత్తా,

బెల్లం అందింది. డబ్బా మూత తీయగానే మామ చొక్కా వాసన వచ్చింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. నాకు సైకిల్ నేర్పింది ఆయన. పదో తరగతి తర్వాత బాపు నన్ను బీడీలు చుట్టడానికి కూర్చోబెడతానంటే, "దాని చేతులు గాజు సీసాలు పట్టుకునే చేతులు బావా, తంబాకుల పెట్టకు" అని కొట్లాడింది ఆయన.

నేను చేస్తున్నది ఇంకా మిషన్ అనదగ్గది కాదు. గోరంత గాజు పలక. దాని మీద టైటానియం తెల్లపొడి పూత, ఆ పూత మీద చక్కెరను గుర్తుపట్టే ఎంజైము. దీపం వెలుతురు పడితే పలకలో సన్నగా కరెంటు పుడుతుంది. మీద చుక్క వేస్తే, అందులో చక్కెర ఎంత ఉందో దాన్నిబట్టి కరెంటు మారుతుంది. చిక్కేమిటంటే ఆ తెల్లపొడి మామూలు వెలుతురును లెక్కచేయదు. అందుకని బంగారం కలుపుతున్నాం. నిజం బంగారమే, కానీ వెంట్రుక మందంలో నాలుగు వేలవ వంతు ఉండే నలుసులు. అంత చిన్నవైతే బంగారం పసుపు రంగు వదిలేసి, నీళ్లలో కుంకుమ కలిపినట్టు ఎర్రగా కనబడుతుంది. ఆ నలుసులు వెలుతురును పట్టి పూతకు అందిస్తాయి. రక్తం దాకా పోకుండా, చెమటలో ఉండే పిసరంత చక్కెరను కూడా పట్టాలని మా ప్రయత్నం.

అంతకుముందు నేను సోలార్ పలకల మీద పనిచేసేదాన్ని. మామ పోయిన నెలకే ఇటు మారాను. సైన్సు మీద ఇష్టంతో మారానని మా గైడ్ మేడంకు చెప్పాను. నీకు అబద్ధం చెప్పను. లింబయ్య చేతిలోని ఆ డబ్బా అబద్ధమని నా చేత్తో నిరూపించాలని మారాను. రాత ఆలస్యం కావచ్చు కానీ అతణ్ణి వదలను.

రోజూ నీ బెల్లం తింటున్నాను.

రోజా


మోస్రా
14 అక్టోబర్ 2024

బంగారమసొంటి నా కోడలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు సదివిన. పొడి గిడి నాకు సమజ్ కాలె గని "వదలను" అన్నకాడ కండ్లకద్దుకున్న. నా అన్న కడుపున పులి పుట్టింది.

బంగారం నలుసులంటివి, అవి తక్కువ పడి ఆలస్యమైతుందేమో అని నా ముక్కుపుల్ల పంపుతున్న. ఎట్లైన నాకిప్పుడు దానితోని పనిలేదు. దంచుకుంటవో నూరుకుంటవో నీ ఇష్టం. నీ పలక మీద నా బంగారం ఉండాలె. వాణ్ణి కొట్టే దెబ్బల నా చెయ్యి గూడ ఉండాలె.

సద్దుల బతుకమ్మ ముచ్చట ఇను. నేను ఆడలె, కాలువ గట్టు మీద కూసున్న. లింబయ్య పెండ్లాం ధనలక్ష్మి తంగేడు పువ్వుల బతుకమ్మ ఎత్తుకుని వచ్చింది. మా బతుకమ్మల నడుమ దించబోయింది. నేను లేచి, "నా మొగణ్ణి తిన్నోని ఇంటి బతుకమ్మ గీడ పెడితే, నేను గిప్పుడే గీ కాలువల దుంకుత" అన్న. ఆమె మళ్ళ నెత్తిన పెట్టుకుని, అల్లంత దూరం పోయి, ఒక్కతే పెట్టుకుని, ఒక్కతే పాడింది. సప్పట్లు కొట్టెతందుకు గూడ రెండో మనిషి లేదు.

అయ్యో పాపం అన్పియ్యలె బిడ్డా. అన్పిస్తది ఏమో అనుకున్న గని అన్పియ్యలె. ఆమెకు మొగడన్న ఉన్నడు గదా.

జల్ది రాయి.

నీ అత్త


హైదరాబాద్
3 నవంబర్ 2024

అత్తా,

ముక్కుపుల్ల బాపు చేతికిచ్చి పంపాను, జాగ్రత్తగా దాచుకో. మేం వాడే బంగారం సీసాలో మందులాగా వస్తుంది, నగలు దంచితే రాదు.

ఈ నెలంతా నాకు చీవాట్లే. బంగారం వేశాక పలక భలే చురుకైంది, కానీ పిచ్చి పట్టినట్టు చూపించింది. ఏ చక్కెరా లేని వట్టి నీళ్ల చుక్క వేస్తే చక్కెర ఉందంటుంది. వారం రోజులు అదే తంతు. పలక మార్చాను, ఎంజైము మార్చాను, నీళ్లు మార్చాను. "నీ పలక అబద్ధాల కోరు రోజా" అన్నారు మేడం. ఒకరోజు లేటైపోయి, నీ బెల్లం తినకుండానే ల్యాబ్‌కు పరుగెత్తాను. ఆ రోజు నీళ్లు నీళ్లలాగే చూపించాయి! అప్పుడు అర్థమైంది. పొద్దున బెల్లం తుంచిన వేళ్లతోనే గ్లౌజులు తొడుక్కుంటున్నాను, పలకల పెట్టె తీస్తున్నాను. ఒళ్లో రుమాలుకు తుడుచుకుంటే పోయిందనుకున్నాను. పోలేదు. పలక నిజమే చెప్పింది, అబద్ధం నా వేలి మీద ఉంది.

ల్యాబ్ అంతా నవ్వారు, నేనూ నవ్వాను. హాస్టల్‌కు వచ్చాక నవ్వు ఆగిపోయింది.

నువ్వడిగిన కాయితం పక్కాగా రాయాలంటే నాకు ఆ రోజు సంగతి పూర్తిగా కావాలి. మామ ఎక్కడ కూర్చున్నాడు, ఏం చేస్తున్నాడు, లింబయ్య వేలు గుచ్చేముందు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు? ఒక్కటి కూడా వదలకుండా రాయి. నేను లింబయ్య మిషన్ కూడా తెప్పించుకుంటున్నాను.

రోజా


మోస్రా
16 నవంబర్ 2024

రోజాకు,

ఒక్కటి ఇడువకుండ రాస్తున్న, రాసుకో.

ఆ రోజు మా బెల్లం పొయ్యి మీద ఆ యేటి మొదటి పెనం. పొద్దుగాల ఐదింటికి ముట్టిచ్చినం. చక్కెర ఫ్యాక్టరీ పొగ ఆగినంక చెరుకంత బెల్లానికే గదా, ఆ రోజు పెనం నిండ రసం. మీ మామది పాకం చెయ్యి. ముంతల నీళ్ళల్ల ఏళ్ళు ముంచి, కుతకుత ఉడికే పాకం తీసి, ఉండ చుట్టి సూసేది. చుట్టు పది ఊర్లల్ల ఆయనంత తెలిసినోడు లేడు. మొదటి పెనం దిగి పొయ్యికి మొక్కేదాక పాకం చెయ్యి కడగద్దు, నోట్ల మెతుకు పెట్టద్దు. గది మా అత్త కాలం నుంచి మా ఇంటి ఆచారం. కడిగితే ఆ యేడంత బెల్లం గడ్డ కట్టదు.

తొమ్మిదింటికి "కండ్లు తిరుగుతున్నయి సుమిత్రా" అన్నడు. లింబయ్య గదే బాట పొంటి స్కూటర్ మీద పోతుంటే నేనే పిలిచిన. పిలిచిన నా నోరు పడిపోను. వాడు దిగీ దిగంగనే, "అన్నా, సబ్బు పెట్టి చేతులు కడుక్కో" అన్నడు. సూసినవా వాని పొగరు? ముప్పై ఏండ్ల సంది మా ఊర్ల ఉండి మా ఆచారం తెల్వదా? నేను కడుగనిస్తనా? "నెత్తురు లోపల ఉంటది గని తోలు మీద ఉంటదా, గట్లనే గుచ్చు" అన్న. వాడు రెండోపారి గూడ అన్నడు. నా కొంగు తోని ఆయన ఏలు తుడిచి, గిదో సూడు, సాఫ్ ఉన్నది అని ముంగట పెట్టిన. అప్పుడు గుచ్చిండు. నాలుగు వందల ముప్పై ఎనిమిది అన్నడు. సూది పొడిచిండు. "అక్కా, ఎంటనే అన్నం తినిపియ్యి" అన్నడు. పెనం దిగినంక తింటడు పో అన్న.

మీ మామ చెరుకు పిప్పి మీద ఒరిగిండు. నిద్ర వట్టిందనుకుని నేనే ఎవ్వరిని లేపనియ్యలె. పెనం దిగినంక పోయి సూస్తే చెమటల తడిసిపోయి ఉన్నడు, పిలిస్తే పలుకలె.

గిదంత రాయి. ఇంకోటి. నిజామాబాద్ బస్టాండుల నువ్వు లింబయ్య కొడుకు అఖిలేష్ తోని మాట్లాడుకుంట నిలబడ్డవట. సూసినోళ్ళు చెప్పిన్రు. నేను నమ్మలె. నమ్మేటట్టు చేయకు.

నీ అత్త


హైదరాబాద్
18 డిసెంబర్ 2024

అత్తా,

లింబయ్య మిషన్ పరీక్షించాను. అఖిలేష్‌ను కలిసింది దాని కోసమే. మిషన్‌లో ఆనాటి తారీఖుతో 438 అలాగే ఉంది. మా ల్యాబ్‌లో తయారుచేసిన చక్కెర నీళ్లతో ఇరవైసార్లు చూశాను. మిషన్‌లో తప్పు లేదు.

నామాట విను, ఠాణాలో ఇచ్చిన పిటిషన్ వెనక్కి తీసుకో. లింబయ్య జోలికి ఇక పోవద్దు. ఎందుకని మాత్రం అడగకు. నన్ను నమ్ముతావు కదా?

ఈ యేడు పొయ్యి ముట్టించేటప్పుడు వస్తాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

రోజా


మోస్రా
27 డిసెంబర్ 2024

రోజాకు,

దీవెనలు లేవు.

ఆగస్టుల వదలను అన్నదానివి, డిసెంబర్ల జోలికి పోవద్దంటవా? ఎందుకని అడగద్దట! అడగనవసరం లేదు, ఊరంత చెప్తున్నది. అఖిలేష్ మొఖం సూసి మామ మొఖం మర్చిపోయినవు. ఆయన సైకిలెనక ఉరికుంట నీకు తొక్కుడు నేర్పిండు. నువ్వు ఆయనను సంపినోని ఇంట్ల కోడలు అయ్యెతందుకు తయారైనవు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటే గిదే. ఇరవైసార్లు సూసినవట. ఇరవైసార్లు సూసినవో, ఇరవైసార్లు కలిసినవో.

నేను ఎనకకు తీసుకోను. జనవరి ఇరవైకి లింబయ్యను ఠాణాకు పిలిపిస్తున్నరు. నీ కాయితం లేకున్నా పోత. అవసరమైతే నువ్వు గూడ వానితోని కలిసినవని అక్కడ చెప్త. నా అన్న బిడ్డ అని సూడను. మొగడు పోయిననాడే నాకు అందరు పోయిన్రు, ఇయ్యాల నువ్వు గూడ పోయినవు, లెక్క సరిపోయింది.

మిషిన్ మంచిదైతే, ఆయన నెత్తుర్ల షుగరు ఎక్కువ లేకుంటే, నాలుగు వందల ముప్పై ఎనిమిది ఎక్కడికెల్లి వచ్చిందే? చేతనైతే గది రాయి. లేకుంటే నా కంటికి కనవడకు.

సుమిత్రమ్మ


హైదరాబాద్
6 జనవరి 2025

అత్తా,

నెల రోజులు మింగలేక, కక్కలేక ఉన్నాను. నువ్వడిగావు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

ఆ 438 మామ రక్తంలోది కాదు. వేలి మీదిది.

నీ ఉత్తరం చదివిన మర్నాడు మా ల్యాబ్ గ్యాస్ పొయ్యి మీద చెరుకు రసం మరగబెట్టాను. పాకంలో వేళ్లు పెట్టి, ఆరనిచ్చి, లింబయ్య మిషన్‌తోనే నా వేలు గుచ్చుకున్నాను. 412. కొంగులాగే గుడ్డతో తుడుచుకుని గుచ్చుకున్నాను. 297. సబ్బుతో కడిగి గుచ్చుకున్నాను. 94. నాకు షుగర్ జబ్బు లేదత్తా. పది వేళ్లకూ పది రోజులు ఇదే చేశాను. నా వేళ్లు చూస్తే నీకు జాలి వేస్తుంది. ఒక్కసారైనా లెక్క తప్పకపోతుందా, లింబయ్య దొంగ కాకపోతాడా అని గుచ్చుకున్నాను. తప్పలేదు.

మామ పొద్దుటినుంచి ఏమీ తినలేదు. రోజూ వేసుకునే షుగర్ గోలీ మాత్రం వేసుకునే ఉంటాడు. అందుకే కళ్లు తిరిగాయి, షుగర్ అప్పటికే పడిపోయి ఉంది. వేలి మీది పాకం దాన్ని ఎక్కువగా చూపించింది. ఎక్కువుందని షుగర్ తగ్గించే సూది వేశారు. ఉన్న కాస్తా పోయింది.

లింబయ్య తప్పు లేదనను. చెయ్యి కడగనిదే గుచ్చనని లేచి వెళ్లిపోవలసింది. సూది వేసే చదువు ఆయనకు లేదు. కానీ నువ్వు అంటున్న తప్పు ఆయన చేయలేదు.

అఖిలేష్ సంగతి. అతను మిషన్ నా చేతిలో పెట్టి, "మా బాపు తప్పు ఉంటే తప్పు ఉందనే రాయి అక్కా" అన్నాడు. మా మధ్య జరిగింది అంతే.

నువ్వడిగిన కాయితం, మేడం సంతకంతో, కాలేజీ ముద్రతో ఇందులోనే పెట్టాను. ఠాణాలో ఇస్తావో పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. నిన్ను ఇలా బాధపెట్టినందుకు నన్ను తిట్టు. తిట్టడం మాత్రం మానకు.

నీ రోజా


మోస్రా
21 జనవరి 2025

రోజాకు,

నీ ఉత్తరం మూడు రోజులు మళ్ళ మళ్ళ సదివిన. పొయ్యిల ఏద్దామని లేసిన, ఏయలె. నువ్వు అబద్ధం రాసినవు అనుకుందామని మస్తు కోషిష్ చేసిన. ఆ దినం సంగతి రాసింది నేనే గదా. నా చేతిరాత నేనెట్ల కాదంట?

మంగళారం లింబయ్య దుకాణానికి పోయిన. నన్ను సూసి అలవాటు ప్రకారం తలకాయ దించుకున్నడు. లోపలికి పోయి ఎదురుంగ నిలబడ్డ. "చెయ్యి కడగద్దన్నది నేనని ఎవ్వరికన్నా ఎందుకు చెప్పలె?" అని అడిగిన. వాడు ఏమన్నడో తెలుసా? "చెప్తే ఏమొస్తదక్కా, తుకారామన్న రాడు గదా. తిట్టెతందుకు నీకు నేనన్న ఉన్న. నేను గూడ లేకుంటే నిన్ను నువ్వు తిట్టుకుంటవు, పాణం మీదికి తెచ్చుకుంటవు అనుకున్న. ఇగ నేను గూడ గట్టిగ అనలేకపోయిన, గుచ్చిన" అన్నడు. ధనలక్ష్మి నీళ్ళు తెచ్చి ముంగట పెట్టింది. తాగలె.

నాకు కాలింది రోజా. మన్నించమని నేను అడిగిన్నా? పదమూడు నెలల సంది నేను వాని మీద మన్ను పోస్తున్న అనుకుంటే, వాడు నా మీద దయ సూపెట్టుకుంట కూసున్నడు! గింత అవమానం నాకు ఎవ్వరు చెయ్యలె. పగోడు పగోనిలెక్క ఉండాలె గదా. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు, నువ్వు పట్టినవు. మొగడు పోయినంక నాకు మిగిలింది గా పగ ఒక్కటే, గది గూడ గుంజుకున్నవు.

బయటికి వచ్చి అంగడి నడుమ నిలబడ్డ. మీ తుకారామన్న చెయ్యి కడగనియ్యనిది నేను, అన్నం తిననియ్యనిది నేను, నిద్రపోతున్నడని లేపనియ్యనిది నేను అని గొంతెత్తి చెప్పిన. ఆడోళ్ళు వచ్చి ఊకో అక్కా అని పట్టుకున్నరు. వాణ్ణి తిట్టినప్పుడు ఏ ఒక్కతి పట్టుకోలె.

నిన్న ఠాణాకు పోయి పాత దర్ఖాస్తు తీసుకున్న. నా మీద నేనే కొత్తది రాసిచ్చిన. ఎస్సై సారు సదివి, "నీ మీద కేసు కాదమ్మా, ఇంటికి పో" అన్నడు. ఛాయ్ తెప్పిచ్చిండు. నేను పోలె. నీ కాయితం బల్ల మీద పెట్టి, "గిది సూసి చెప్పు సారూ" అన్న. అప్పుడే దాన్ని నేను గూడ పూరా సదివిన.

అఖిలేష్ తోని కలిపి నిన్ను అన్న మాటలు పాపిష్టి మాటలు. నా నోటికి పురుగులు వడ. గని గా కాయితం సంగతిల నీ మీద కోపం తీరలె. అందుల ఏమని రాసినవు? "పరీక్షకు ముందు చెయ్యి కడగకుండా అక్కడివారు ఎవరో వారించారు" అని. ఎవరో ఎవరే? పొయ్యి కాడ పోయేటోళ్ళు వచ్చేటోళ్ళా? లింబయ్య అన్నం పెట్టమన్నది, నేను పెట్టనిది అసలు రాయనే లేదు. నీ పలక పిసరంత చక్కెరను పడ్తదంటివి, గింత పెద్ద మనిషి నీ కంటికి కనవడలేదా?

కాయితం వాపస్ పంపుతున్న. కొత్తది రాయి. కాలేజీ ముద్ర ఉండాలె. "చెయ్యి కడగనియ్యనిది, అన్నం పెట్టనిది మృతుని భార్య సుమిత్రమ్మ" అని రాయి. ఒకటి ఠాణాకు ఇస్త, ఒకటి లింబయ్య దుకాణం తలుపుకు అంటిస్త. నా పేరు కాడ దయ సూపెట్టకు. నేను ఎవ్వరి మీద సూపెట్టలె.

తుకారాం భార్య
సుమిత్రమ్మ